బంట్రోతు గైర్హాజరు

బుల్లిబాబు గారికి హాజరు వేసే జబ్బుంది. దానికి మందు లేదు. కైకలూరు రెవెన్యూ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు గానీ, ఆయన కుడిచేతికి ఆ ఆర్డరు ఇంకా అందలేదు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటుకి వచ్చిన వారంలోనే ఎర్ర అట్ట రిజిస్టరొకటి కొని గళ్ళు గీసేశారు. బాల్కనీలో తులసికి, కరివేపాకుకి, రెండు మందారాలకి రోజూ పొద్దున్నే పేరుపేరునా హాజరు. మందారం పూయని రోజు "సెలవు" అని రాసేవారు. పాలవాడికో గడి, పేపరువాడికో గడి, లిఫ్టుకో గడి. "ఇన్ని గైర్హాజర్లు మనిషికుంటే ఎప్పుడో మెమో ఇచ్చేవాణ్ణండి" అని లిఫ్టు తలుపు మీద తట్టి మరీ చెప్పేవారు.

"పెళ్ళయిన కొత్తలో నాకూ వేశారండి. నేను పుట్టింటికి వెళ్తే 'ఆన్ డ్యూటీ' అని రాసుకున్నారు" అనేవారు ఆయన భార్య అమ్మణ్ణి గారు, నవ్వు ఆపుకుంటూ.

నేను ఆ అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి సెక్రటరీని. మీటింగుకి రాని పాపానికి, లేనివాణ్ణి చూసి అందరూ కలిసి నన్నే ఎన్నుకున్నారు. కాబట్టి హాజరు విలువ నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఒక బుధవారం మా క్లబ్‌హౌస్‌లో ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు. ఈవెంటు వాళ్ళు గాలి నింపిన తొట్టిలో నీళ్ళు పోసి, ఫోటోల కోసం ఐదు బాతుపిల్లల్ని వదిలారు. కేకు కోశారు, ఫోటోలు దిగారు, మిగిలిన బెలూన్లు కూడా ఏరుకుని పట్టుకుపోయారు. బాతుపిల్లల్ని మాత్రం మరిచిపోయారు. వాచ్‌మన్ కొమురయ్య వాటిని అట్టపెట్టెలో వేసి నా గుమ్మంలో పెట్టాడు.

"ఏం జెయ్యాలె సార్ ఇగ? ఫోన్ జేస్తే ఎత్తుతలేరు. గజగజ వణుకుతున్నయ్ పాపం."

సెక్రటరీ హోదాలో నేను గబగబా రెండు బ్రెడ్డు ముక్కలు తుంపి, బక్కెట్టు నిండా నీళ్ళు పట్టి, పిల్లల్ని అందులో వదలబోయాను. వెనకనుంచి పొలికేక.

"ఆగండాగండి! చంపేస్తారా ఏంటండీ?"

బుల్లిబాబు గారు. లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చారు.

"బాతంటే నీళ్ళలో ఉండేదే కదా సార్?"

"తల్లి రెక్కల కిందుంటే ఉంటుందండి. తల్లి ఒంటి నూనె అంటితేనే పిల్ల తడవకుండా ఉండేది. ఇదిప్పుడు ఉత్త దూది. తడిసిందంటే చలికి ముడుచుకుపోతుంది. మీకు జలుబు చేస్తే మీ అమ్మగారు బక్కెట్లో పడేసేవారా?"

"పోనీ బ్రెడ్డు?"

"అది మీరు తినండి."

పావుగంటలో పెట్టెలో పాత చీర పరిచారు. పైన బల్బు వేలాడదీసి, వేడి ఎక్కువైందేమోనని చెయ్యి పెట్టి చూసుకున్నారు. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు వేసి, ముక్కు మునిగేటంత నీళ్ళు పోశారు. ఉడికించిన గుడ్డు సొన చిదిమి, పాలకూర సన్నగా తరిగి పెడితే ఐదూ ఎగబడి తిన్నాయి. ఆయన వంగి చూస్తూ చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. "మా ఊళ్ళో ఇవి నాతో బడిదాకా వచ్చేవండి" అన్నారు.

మర్నాటికి రిజిస్టర్లో ఐదు కొత్త పేర్లు. రొమ్ము విరుచుకుని ముందు నడిచేది హెడ్డు గుమాస్తా. దాని వెనకాల సీనియరు, జూనియరు. ఎప్పుడూ టకటకా పళ్ళెం పొడిచేది టైపిస్టు. అన్నింటికన్నా చిన్నది, అన్నింటికన్నా ఆఖర్న వచ్చేది బంట్రోతు. పొద్దున్న ఏడింటికి వరండాలో నిలబడి ఆయన ఒక్కో పేరూ పిలవడం, అది కీచుమనడం, ఈయన టిక్కు పెట్టడం.

"బాతులకు గుడ హాజరేస్తున్నడు సార్ పెద్దాయన. నిన్న నాకు 'ఆలస్యం' అని రాసిండు" అని కొమురయ్య మొరపెట్టుకున్నాడు.

నా కష్టం నాది. వీడియో కాల్‌లో మా మేనేజరు రేఖ "మీ వెనక ఎవరిదా అరుపు?" అని అడిగింది. "హెడ్డు గుమాస్తా" అన్నాను నోరు జారి. "ఓ, గవర్నమెంటు ప్రాజెక్టా!" అని ఎంతో సంతోషించింది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ బంట్రోతు ఊరికే తప్పిపోవడం మొదలుపెట్టింది. మొదటిసారి నా తలుపే బాదారు.

"సెక్రటరీ గారూ! బంట్రోతు గైర్హాజరండి! రండి, వెతకాలి!"

అప్పటికి నేను నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు, గుమ్మం దాటలేదు. రావలసిన ప్రమోషన్ రాలేదు, నాకు ఎవరి మొహమూ చూడాలని లేదు. "కొమురయ్యను తీసుకెళ్ళండి సార్" అన్నా వినలేదు. ఐదంతస్తుల మెట్లూ ఎక్కించారు, టెర్రస్ మీద ట్యాంకుల వెనక వెతికించారు, జనరేటరు గది దాకా నడిపించారు. ఒక కారు కింద పడుకుని "బంట్రోతూ, బంట్రోతూ" అని పిలుస్తుంటే, ఆ కారు యజమాని వచ్చి నన్ను చూసి దండం పెట్టి వెళ్ళిపోయాడు. నాకే నవ్వొచ్చింది. తీరా చూస్తే బంట్రోతు నా చెప్పుల స్టాండులో, నా బూటులోనే పడుకుని ఉంది. "దొరికింది కదండీ, ఇక దోసెలు తిని వెళ్ళండి" అన్నారు అమ్మణ్ణి గారు.

తర్వాత మూడో అంతస్తు సుష్మ చేత మూడు పొద్దుల్లో మూడుసార్లు వెతికించారు. ఆఖరికి ఐదో అంతస్తు ఆదర్శ్ వంతొచ్చింది. ఆయన అమెరికా వాళ్ళతో మీటింగులో ఉండగా లాక్కెళ్ళారట. పైగా తిరిగొస్తూ లిఫ్టులో ఏదో తొక్కారు. ఆ సాయంత్రమే నాకు మెయిల్ వచ్చింది: "ఆదివారం మీటింగులో తేల్చండి. ఆ బాతులైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

రూల్సు ఆదర్శ్ పక్షమే. నోటీసు ఇచ్చాను. బుల్లిబాబు గారు దాన్ని రెండుసార్లు చదివి, "రూలంటే రూలేనండి. నోటీసు మీద నంబరు వేయలేదు, వేయించి తెండి" అని సంతకం పెట్టారు. ఆ పూట అన్నం మధ్యలో లేచిపోయారని అమ్మణ్ణి గారు చెప్పారు.

"ఇంకా ఈకలు రాలేదు సార్ వాటికి," అన్నాడు కొమురయ్య. "బయట ఎవరికన్న ఇస్తే కూరొండుకుంటరు." నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం మీటింగుకి అందరూ వచ్చారు. ఆదర్శ్ లేచి న్యాయంగానే మాట్లాడారు. "పద్దెనిమిది రోజుల్లో ఎన్నిసార్లు తప్పిపోయిందండీ అది? ఒక్కదాన్ని కాయలేనివారు ఐదింటిని ఎలా పెంచుతారు?" తలలన్నీ ఊగాయి.

"ఎన్నిసార్లో మినిట్స్‌లో రాయాలి సార్. రిజిస్టరివ్వండి" అన్నాను.

బుల్లిబాబు గారు జీవితంలో మొదటిసారి రిజిస్టరు వెనక్కి దాచుకున్నారు.

"అది ఆఫీసు దస్త్రమండి. బయటివాళ్ళకి చూపించకూడదు."

"ఇవ్వండీ చోద్యం!" అని అమ్మణ్ణి గారే లాక్కుని నా చేతిలో పెట్టారు.

బంట్రోతు పేరు వెతికి, వేలు పెట్టి చూశాను. పద్దెనిమిది రోజులకి పద్దెనిమిది టిక్కులు.

"సార్, ఒక్క గైర్హాజరు కూడా లేదే!"

ఆయన తల దించుకున్నారు. "రిజిస్టర్లో అబద్ధం ఎలా రాస్తానండీ?"

"మరి మాతో చెప్పింది?"

"అది నోటిమాట కదండీ."

నాకేమీ అర్థంకాక పేజీలు తిప్పాను. వెనక పేజీల్లో వరసగా మా ఫ్లాట్ల నంబర్లు. నాది కనబడగానే పైకే చదివేశాను.

"నాలుగు వందల మూడు, సెక్రటరీ. నాలుగు రోజులుగా గైర్హాజరు. ప్రమోషన్ రాలేదని వినికిడి. బంట్రోతును వెతికించడమైనది. ఫలితం: జనరేటరు గది దాకా నడిచారు. ఒకసారి నవ్వారు. దోసెలు మూడు తిన్నారు."

ఆ కింద సుష్మ నంబరుంది. చదవకుండా రిజిస్టరు ఆమెకే అందించాను. ఆమె చదువుకుని, "నా ఉద్యోగం పోయినట్టు నేనెవరికీ చెప్పలేదు. ఎలా తెలిసింది బాబాయిగారూ?" అంది.

"ఎనిమిదిన్నర లిఫ్టులో నీకు వరసగా గైర్హాజరు పడిందమ్మా."

ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, రిజిస్టరు ఆదర్శ్ ముందు పెట్టింది. ఆయన చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మకి ఆపరేషన్ అయినప్పట్నుంచి నేను లిఫ్టులో ఎవరితోనూ మాట్లాడటం లేదని రాశారు. నిజమే. వెతికించడమైనదట. 'ఫలితం: విసుక్కున్నారు. మళ్ళీ ప్రయత్నించవలెను.'"

మీటింగు మీటింగంతా ఘొల్లుమంది. ఆదర్శ్ కూడా నవ్వేశారు.

"అదిసరే, మనం వెతికిన ఆ గంటసేపూ బాతు ఎక్కడుందండీ?"

"నా భుజం సంచిలోనండి. కునుకు తీసేది. వెతకడం అయ్యాక మెల్లిగా ఎక్కడో దింపేవాణ్ణి."

ఫిర్యాదు వెనక్కి వెళ్ళింది. లిఫ్టు రోజూ కడగాలని, ఈకలు వచ్చాక వాచ్‌మన్ గది వెనక ఖాళీ జాగాలో తొట్టి కట్టించాలని తీర్మానం రాశాను. తొట్టికి ఇటుకలు తెచ్చే పని ఆదర్శ్ తీసుకున్నారు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మర్నాడు ఏడింటికి వరండాలో హాజరు పిలుపు వినబడలేదు. ఆ మర్నాడూ లేదు. అమ్మణ్ణి గారిని అడిగాను.

"దస్త్రం బయటపడ్డాక గుమాస్తాకి పరువేం మిగిలిందని గది దాటడం లేదండి. బాతులకి నేనే తిండి పెడుతున్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నారు."

రిజిస్టరు నా దగ్గరే ఉండిపోయింది. మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఊరందరి పేర్లూ ఉన్నాయి, లిఫ్టుతో సహా. ఆయన పేరు మాత్రం లేదు. స్కేలు పెట్టి గీత గీసి రాశాను: రెండు వందల నాలుగు, బుల్లిబాబు గారు. రెండు రోజులుగా గైర్హాజరు.

బుధవారం పొద్దున్న అమ్మణ్ణి గారు కొంగుచాటున బంట్రోతును తెచ్చి ఇచ్చారు. నా లాప్‌టాప్ సంచిలో పడుకోబెట్టి, వాళ్ళ తలుపు దబదబా బాదాను. వెనక సుష్మ, ఆదర్శ్, చేతిలో టార్చితో కొమురయ్య.

"సార్! బంట్రోతు గైర్హాజరు! రండి, వెతకాలి!"

మాసిన గడ్డంతో బుల్లిబాబు గారు తలుపు తీశారు. సరిగ్గా అప్పుడే నా సంచిలోంచి "కీచ్" మని వినబడింది. అందరం బిగుసుకుపోయాం. ఆయన సంచి వంక చూశారు, నా వంక చూశారు. తర్వాత లుంగీ ఎగ్గట్టారు.

"ముందు జనరేటరు గది చూద్దాం పదండి" అన్నారు.