నలభయ్యో రూలు

ఆ రోజుల్లో పిల్లల భయాలను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ‘భయమేస్తోంది’ అంటే ‘వేస్తే వేసిందిలే, ఆ చెంబిలా తే’ అనేవారు. అందుచేత ఎవరి ప్రాణం వాళ్ళే కాపాడుకోవాలి. నేనైతే నా ప్రాణాన్ని ఒక లాంగు నోటుబుక్కులో రూళ్ళు రాసి మరీ కాపాడుకున్నాను.

ఆ వేసవి సెలవులకి నేనూ తమ్ముడూ గోదావరి ఒడ్డున సఖినేటిపల్లిలో అత్త ఇంటికి వెళ్ళాం. నాకు పన్నెండేళ్ళు. అత్త కొడుకు నాకంటే రెండేళ్ళు పెద్ద. పెద్దయ్యాక లాంచీ నడుపుతానని పొద్దస్తమానం రేవులోనే ఉండేవాడు కాబట్టి అందరికీ సరంగు బావ. మేం ఆడే ఆట కనిపెట్టింది ఆయనే. బావ కథ చెబుతాడు, కథలో మనుషులం మేం. “పడవలో ఉన్నావు, ఎదర సుడి ఉంది, ఏం చేస్తావు?” అంటాడు. చేసేది చెప్పి అయిదు గవ్వలు వెయ్యాలి. కనీసం మూడు వెల్లకిలా పడితే బతికినట్టు. లేకపోతే చచ్చినట్టు. చచ్చినవాళ్ళు పెరట్లో డొక్కల పాకలోకి ఒంటరిగా వెళ్ళి, నీళ్ళ పొయ్యిలోకి గంపెడు కొబ్బరి డొక్కలు, అంటే ఎండిన పీచు తొక్కలు, తేవాలి.

ఆ పాకకి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. చూరు దాకా పేర్చిన డొక్కలు ఎవరూ ముట్టుకోకుండానే జరజరమని జారేవి. ఒకసారి గుమ్మంలో పాము కుబుసం చూశాను. (పామునే చూసుంటే దాని పొడుగెంతో తెలిసేది. చూడలేదు కాబట్టి నా లెక్కలో అది రేవు దాకా ఉండేది.) నేను చావకూడదు, అంతే.

మొదట్లో ఆటకి గవ్వలూ, బావ మాటా తప్ప వేరే రూళ్ళు లేవు. “నువ్వు నిద్రపోయేవు, మొసలొచ్చేసింది” అనేవాడు బావ. నేను నిద్రపోయానని ఎప్పుడన్నాను? ఏడ్చి, దెబ్బలాడి, నోటుబుక్కు తీశాను. మొసలి నోరు తెరిచేలోగా తెడ్డుతో ఒక్క దెబ్బ కొట్టవచ్చును. తడిసిన అగ్గిపెట్టె వెలగదు, తలపాగాలో దాచింది వెలుగును. ఇలా రాసుకుంటూ పోయి, నలభయ్యోది రాశాక గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. ‘నోటితో చెప్పనిది ఏదీ జరగనట్టే’, అదీ ఆ నలభయ్యో రూలు.

“ఇదేం ఆటే అక్కా, పరీక్షలా ఉంది” అనేవాడు తమ్ముడు. వాడు ఒక్క రూలూ చదవకుండా సుడిలోకి దూకేసి, రోజూ చచ్చి, ఈల వేసుకుంటూ డొక్కలు తెచ్చేవాడు. గవ్వలు కూడా కలిసొచ్చి, నేను మాత్రం మూడు వారాలు చావలేదు.

అలాంటిది తమ్ముడికి అరికాల్లో సెగ్గడ్డ లేచింది. మంచం దిగడానికి లేదు. ఆ సాయంత్రం ఆటకి మిగిలింది నేనూ, బావా. ఆయన నోటుబుక్కు అడిగి తీసుకుని మొదటి పేజీ నుంచీ చదివాడు. (అనుమానం అప్పుడే రావాల్సింది.) కథలో గాలివాన, చిల్లుపడ్డ పడవ, రెండు మొసళ్ళు. అన్నీ పొల్లుపోకుండా చెప్పాను. చివరికి గవ్వలు అయిదూ వెల్లకిలా పడ్డాయి.

“పడవ ఒడ్డుకొచ్చేసింది. ఇప్పుడేం చేస్తావే?”

“కూర్చుని చద్దన్నం మూట విప్పుతాను.”

“ఎక్కడ కూర్చుంటావు?”

“ఒడ్డున.”

“పడవ దిగేనని చెప్పేవా?”

“ఒడ్డుకొచ్చేక దిగకుండా ఎలా ఉంటాను బావా?”

“అదంతా నాకు తెలీదు. నలభయ్యో రూలు నువ్వే రాసేవు. చెప్పలేదు కాబట్టి దిగలేదు. పోటు తీసి నీళ్ళు వెనక్కెళ్ళేయి, పడవ సముద్రంలోకి కొట్టుకుపోయింది. గంప అదిగో.”

నా రాత నాకే ఉరైంది. నోటుబుక్కు చంకలో పెట్టుకుని పాకలో అడుగుపెట్టాను. లోపల నా ఊపిరి నాకే ఇంకెవరిదోలా వినిపించింది. సండే స్కూల్లో నేర్పిన ప్రార్థన మొదలుపెడితే రెండో ముక్క గుర్తురాక నేరుగా ఆమేన్ అనేశాను. అంతలో పైనుంచి ఒక డొక్క జారి మెడ మీద పడింది. చేతికందినవి గంపలో వేసుకుని, మోకాళ్ళు చెక్కుకుని బయటపడ్డాను.

నూతి దగ్గర అత్త ఎదురైంది. “నువ్వెళ్ళేవేంటమ్మా? సరంగుకి కదా చెప్పేను. చిన్నప్పట్నుంచీ ఆ పాకంటే వాడికి హడలు, బతిమాలినా వెళ్ళేవాడు కాదు. మీరొచ్చేక ధైర్యం వచ్చింది కాబోలు, రోజూ గంపెడు తెచ్చి పెడతన్నాడు, ఆయ్.”

అరుగు మీద బావ నన్నే చూస్తున్నాడు. గవ్వలు గుప్పిట్లో దాచేసుకున్నాడు. అత్తకి చెప్పేస్తే ఆయన పరువు రేవులో కలిసేది. ఒళ్ళు మండింది, చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ ఆ మొహం నా మొహంలాగే ఉంది. “నాకే వెళ్ళాలనిపించిందత్తా” అన్నాను.

మర్నాడు డొక్కలకి ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళాం. ఆ రూలు మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

బావ సరంగు కాలేదు, గల్ఫులో డ్రైవరయ్యాడు. నాకు జుట్టు నెరిసింది. ఇప్పటికీ నర్సాపురం నుంచి గోదావరి దాటించే పంటు మీద సఖినేటిపల్లి వచ్చినప్పుడల్లా, రేవులో కాలు పెట్టగానే చుట్టూ చూసుకుని, ఎవరికీ వినబడకుండా “దిగేను” అంటాను.