స్నానం చేసి ఎమర్జెన్సీకి

మా అత్తయ్య మాతో ఉండడానికి వెల్లింగ్టన్ వచ్చిన కొత్తలో సంగతి. ఒక పొద్దున వంటింట్లో దవడ లాగుతోందని, వీపు బరువుగా ఉందని కూలబడింది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. ఆ చలిలో చెమటేమిటి! మావారు ఊళ్ళో లేరు. ఆసుపత్రికి పదండంటే, ఈ అవతారంతో డాక్టరు ముందుకి రానంది. నేను మొత్తుకుంటున్నా వినకుండా స్నానం చేసి, జరీ అంచు చీర కట్టి, పౌడరు రాసి, బొట్టు దిద్దుకుని బయల్దేరింది. మావైపు ఆడవాళ్ళు డాక్టరు దగ్గరికైనా పేరంటానికి వెళ్ళినట్టే వెళ్తారు.

ఎమర్జెన్సీలో ముందుగా చూసే నర్సు ఎలా ఉన్నారని అడిగింది. అత్తయ్య నవ్వి, తనకొచ్చిన ఇంగ్లీషులో ఫైన్ అంది. నొప్పి పదికి ఎంతంటే రెండు వేళ్ళు చూపించింది. కాదండీ, ఇంట్లో చెమటతో తడిసిపోయిందని నేను అందుకున్నాను. పేషెంటునే చెప్పనివ్వండని నర్సు మర్యాదగా ఆపింది. ఇంట్లోవాళ్ళు అడ్డుపడితే అసలు విషయం మరుగున పడుతుందట. రూలు మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ చెమటేమో స్నానంతోనే పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఉన్నదున్నట్టు చెప్పండి అత్తయ్యా" అన్నాను.

"పరాయివాళ్ళ ముందు ఏడవమంటావా?" అంది, నవ్వు చెదరనివ్వకుండా.

బీపీ చూసి, పిలిచేదాకా కూర్చోమన్నారు. రగ్బీలో చెయ్యి విరగ్గొట్టుకుని మా తర్వాత వచ్చినతను మూలుగుతూనే లోపలికి వెళ్ళిపోయాడు. నేను కౌంటరు దగ్గరికి వెళ్ళడం, వాళ్ళు పిలుస్తామనడం, తిరిగొచ్చి కూర్చోవడం. జనం చూస్తున్నారు, ఊరుకోమని అత్తయ్య కసరడం ఒకటి. గొంతు పెంచితే సెక్యూరిటీని పిలుస్తారేమోనని నా భయం నాది.

ఆడవాళ్ళకి గుండెపోటు ఒక్కోసారి దవడలోనో వీపులోనో నొప్పితో మొదలవుతుందని చాలా రోజుల తర్వాత చదివాను. ఆ పూట నాకు తెలిసిందల్లా ఈ మనిషి ఎప్పటిలా లేదని. ఆ మాట ఎవరికి చెప్పాలి?

కాసేపటికి ఆవిడ నా భుజం మీదకి ఒరిగింది.

"చాలా నొప్పిగా ఉందే అమ్మాయ్. చెప్పు వాళ్ళకి" అంది.

నేను కేక పెట్టాను. అంతా పరిగెత్తుకొచ్చారు. చీర పక్కకి లాగి, జాకెట్టు కత్తెరతో కోసేశారు. నొప్పి ఎప్పటినుంచని డాక్టరు వంగి ఆవిడనే అడిగాడు. ఆవిడ పలకలేదు. ఇక పలకనే లేదు.

అప్పుడు నావైపు తిరిగి, మీరు చెప్పండి అన్నాడు.