తీగ లేని ట్రామ్ కోసం తిరువూరు ప్రయాణం

కిందటేడు కలకత్తాలో నేనెక్కిన ట్రామ్ ఒక మలుపు దగ్గర ఆగిపోయింది. బండి పాడవలేదు, పైన కరెంటు తీగ అక్కడితో అయిపోయింది. పట్టాలు మాత్రం ముందుకు సాగిపోతూనే ఉన్నాయి. ఆ ముందున్న తీగను ఎప్పుడో పీకేశారట. చచ్చేంత దిగులేసింది. ఆ గోడు స్నేహితురాలు స్రవంతి దగ్గర వెళ్లబోసుకుంటే, "మా తిరువూరు రా. తీగ లేకుండా నడిపి చూపిస్తా" అంది. తిరువూరులో ట్రామేమిటని ముందు నవ్వాను. మనసు ఊరుకోక ఆ ఆదివారమే బయల్దేరాను.

విజయవాడ బస్టాండులో ఆరున్నరకు బస్సు దొరికింది. మైలవరం, ఎ.కొండూరు మీదుగా రెండు గంటల పైనే పట్టింది, టికెట్టు రెండు వందల లోపే. పొద్దుటి ఎండ కుడివైపు పడుతుందని తెలిసి ఎడమవైపు కూర్చున్నాను కాబట్టి మామిడి తోటలు హాయిగా చూడగలిగాను. తిరువూరులో దిగి, వేడి వేడి పెసరట్టు తిని, ఆటో అతన్ని పాత రైస్ మిల్లుకు ఎంతని అడిగాను.

"షేరింగైతే ఇరవై మేడం. ఆ పట్టాల బండి చూట్టానికేనా? మా ఊరికి రైలు రాలేదు గానీ, పట్టాలు మాత్రం వచ్చేశాయండి!" అని నవ్వాడు.

మిల్లు స్రవంతి మేనమామ సుబ్బారావు గారిది. ఆడకుండా పడున్న ఆ మిల్లు ఆవరణలో స్రవంతి చిన్న పట్టాల దారి వేసింది. కలకత్తా నుంచి తెప్పించిన పాత ట్రామ్ చక్రాల మీద చెక్క బల్ల, దాని కింద బ్యాటరీలు, పైన మనుషులకు బదులు బియ్యం బస్తాలు. స్రవంతి ఆలోచన ఇదీ: తీగ ఉన్నచోట ట్రామ్ బ్యాటరీ నింపుకుంటుంది, తీగ లేనిచోట ఆ నిల్వతో నడుస్తుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకే చేరుతుంది. ఊరి అందం చెడగొట్టే కొత్త స్తంభాలు అక్కర్లేదు.

ఆ రోజు చూడడానికి కలకత్తా నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మిత్రులతో కలిసి ఒక పాత ట్రామ్‌ను కాపాడుతున్నారాయన. దాన్ని ఉంచిన షెడ్డు ఖాళీ చేయమన్నారట. ఇవాళ ఈ బండి కదిలితే ఆ ట్రామ్‌ను స్రవంతికి అప్పగిస్తారు, కదలకపోతే అది పాత ఇనుము కింద పోతుంది. స్రవంతి మూడేళ్ల కష్టమూ దానితోనే పోతుంది.

సుబ్బారావు గారు కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. కొత్త బండికి దిష్టి తీయకుండా ఎలా కదిలిస్తాం? మేమందరం దణ్ణం పెట్టుకున్నాం. స్రవంతి మీట తిప్పింది. నిమ్మకాయలు చితికాయి. చక్రాలు గిర్రున తిరిగాయి గానీ, బండి ఉన్నచోటే ఉంది!

"బ్యాటరీ చాల్లేదేమోనమ్మా?" అన్నారు సుబ్బారావు గారు నీరసంగా. పెద్దాయన తల దించుకున్నారు.

స్రవంతి కిందకు దిగి, పట్టాను వేలితో రాసి వాసన చూసింది. వెంటనే పకపకా నవ్వింది. "బ్యాటరీకేం రోగం లేదు మావయ్యా! మీ నిమ్మరసానికి చక్రాలు జారుతున్నాయి. నాకైనా బుద్ధి ఉండొద్దూ, ఇనుము మీద ఇనుము తడైతే జారుతుందని!"

సుబ్బారావు గారు నాలిక్కరుచుకుని, పైపంచెతోనే పట్టాలు తుడవడం మొదలుపెట్టారు. "వానొస్తే మేం పట్టాల మీద ఇసుక పోస్తాం" అని పెద్దాయన హిందీలో అంటూ గుప్పెడు ఇసుక తెచ్చి తనే చల్లారు. స్రవంతి మళ్లీ మీట తిప్పింది. బండి బస్తాలతో సహా మెల్లగా కదిలింది, ఆవరణ చివరిదాకా వెళ్లింది, బుద్ధిగా ఆగింది. పెద్దాయన స్రవంతి తల మీద చెయ్యి పెట్టి, "మా ట్రామ్ నీ చేతిలో పెడుతున్నానమ్మా. జాగ్రత్త" అన్నారు. సుబ్బారావు గారు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నేను ఎటూ తిరక్కుండానే ఏడ్చేశాను.

ఒక్క బండి కదిలినంత మాత్రాన ఊళ్లకు ఊళ్లే మారిపోవని నాకూ తెలుసు. కానీ పాతదాన్ని నిలబెట్టుకోవాలంటే కొత్తదాన్ని తిట్టుకోనక్కర్లేదని, రెండింటికీ పెళ్లి చేయొచ్చని ఆ రోజు కళ్లారా చూశాను. ఇక ట్రామ్ ఎక్కాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. ఏ దారిలో ఇంకా నడుస్తోందో అక్కడివాళ్లను ముందే కనుక్కుని, మీరు దిగాల్సింది రెండో స్టాపులోనే అయినా, చివరి స్టాపుకే టికెట్టు తీసుకుని కూర్చోండి. సీట్లలో మనుషులున్న బండిని ఇనుప కొట్టుకు పంపడం ఎవరికైనా కష్టమే.