అక్క చానల్‌లో మెంబరు

చిత్తూరులో నా జెరాక్సు షాపు పక్కనే టీ అంగడి. ఆ అంగడాయన సినిమాల మీద వాగే ఒక ఆన్‌లైన్ చానల్‌కు మెంబరై నెలనెలా డబ్బు కట్టేవాడు. ఉచితంగా దొరికేదానికి డబ్బెందుకయ్యా అని అడిగితే, "మెంబరైతే పేరు పక్కన గుర్తు వస్తాదబ్బా. లైవులో మన పేరు సదువుతాడు" అన్నాడు. ఆ గుర్తు చూపిస్తే బ్యాంకులో లోనిస్తారా, కొండమీద దర్శనం తొందరగా అవుతుందా అని వారం రోజులు ఆయన్ని ఏడిపించాను. పాపం మంచివాడు, నా టీలో నీళ్లు మాత్రం పొయ్యలేదు.

అంత తెలివైనవాణ్ణి, మరుసటి నెలలో నేనూ ఒక చానల్‌కు మెంబరునయ్యాను. అది మా అక్క వంటల చానల్.

అక్క ఉండేది తిరుచానూరులో. మూడేళ్లుగా మా మధ్య మాటల్లేవు. మా కొత్తింటి గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఆడపడుచుగా ఆమే. ఆమె ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ముహూర్తం దాటిపోతోందని పంతులు గోల. నేను మహా మేధావిని కదా, నా భార్య చెల్లెలి చేత పొంగించేశాను. అక్క వచ్చి గడపలోంచే పొయ్యి వైపు చూసి, చెప్పులు కూడా విప్పకుండా వెనుదిరిగింది. ఫోన్ చేసి తప్పయిందని చెప్పమని నా భార్య నెత్తీ నోరూ కొట్టుకుంది. పెద్దది ఆమె, పెద్దమనసు ఆమెకుండాలి గానీ నాకెందుకని నా వాదన. ఆ వాదనలో గెలిచి నేను సాధించిందల్లా మూడేళ్లు అక్క గొంతు వినకపోవడం.

చానల్ సంగతి చెప్పింది కూడా ఆ టీ అంగడాయనే. "ఈ యమ్మ పులుసు సూడప్పా, మా ఇంట్లో సేసినాము, బాగుండాది" అని ఫోన్ నా ముందు పెట్టాడు. తెర మీద అక్క. కాస్త చిక్కింది. ఇంటికెళ్లి ఉన్న వీడియోలన్నీ రెండు రోజుల్లో చూసేశాను. ఇక మిగిలింది ఆదివారం మధ్యాహ్నం మెంబర్లకు మాత్రమే పెట్టే లైవు. ఒక దొంగపేరు, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ పెట్టుకుని డబ్బు కట్టాను. సొంత అక్క మాట వినడానికి చందా కట్టిన తమ్ముడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఒక్క ఫోన్ చేస్తే ఊరికే అయిపోయే పని.

"మన మెంబర్లందరికీ నమస్కారమండీ" అని అక్క మొదలుపెట్టింది. ఎంతమంది చూస్తున్నారో చూపించే చోట ఒకటి అనే అంకె ఉంది. ఇంకెవరైనా వస్తారులే అనుకున్నాను. రాలేదు. పై ఆదివారమూ అంతే. అక్క మాత్రం నిండు సభలో మాట్లాడినట్టు మీరంతా, మీ అందరికీ అంటూనే ఉంది. ఆ సభ మొత్తం నేనే, నోరు మూసుకుని మంచమ్మీద పడుకుని ఉన్నాను.

మూడో ఆదివారం రాగి సంగటి, దాంట్లోకి చెనక్కాయల ఊరిబిండి పచ్చడి. రోట్లో పచ్చి తెల్లగడ్డలు వేసేసరికి నాకు ఒళ్లు మండింది. వెనకాముందూ చూడకుండా కామెంటు పెట్టాను. "అమ్మ తెల్లగడ్డ నిప్పుల్లో కాల్చి వేసేది కదా!"

పంపాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

అక్క నూరడం ఆపింది. ఫోన్ దగ్గరికి వంగి చదివింది. లైవు ఆపేస్తుందని, ఈ గొంతు కూడా లేకుండా పోతుందని నాకు భయమేసింది.

"మెంబర్లకు ఒక మాట" అంది చివరికి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "అవును, అమ్మ కాల్చే ఏసేది. నాకే మతి ల్యాకపాయ. మా ఇల్లు యాడుండాదో మెంబర్లకు తెలుసు. సంగటి సేసినాను. ఉండేది ఒక్కరే గదా, వచ్చి తినిపోండి."

తిరుచానూరు చేరేసరికి ఎంత లేదన్నా గంటన్నర. "వస్తాండానక్కా" అని కామెంటు పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ బస్టాండుకు పరిగెత్తాను. బస్సు కదిలాక ఫోన్ తీసి చూస్తే లైవు ఇంకా నడుస్తూనే ఉంది. చేసిన సంగటి పక్కకు జరిపేసి, అక్క మళ్లీ కొత్తగా ఎసరు పెడుతోంది.