తుపాను దారి

ఆ వారమంతా మా నాయనకు టీవీలో వాతావరణం తప్ప ఇంకేమీ పట్టలేదు. సముద్రంలో తుపాను లేచింది, గోదావరి వైపు పోతుందని చెప్తున్నారు. ఆయన ముఖంలో సంతోషం దాగడం లేదు. మా వడ్లు అప్పటికే కోత మిషన్‌తో కోయించి, ఆళ్లగడ్డ సర్వీసు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. కోస్తాలో చేలు మునిగితే మన వడ్ల ధర లేస్తుందని ఆయన ఆశ. రోడ్డు పొడుగునా వడ్లు పోసుకున్న అందరి ఆశా అదే.

నంద్యాల నుంచి వ్యాపారి వచ్చాడు. గుప్పెడు వడ్లు తీసుకుని నలిపి, రెండు గింజలు కొరికి చూశాడు.

"ఇప్పుడే ఎత్తించెయ్ అన్నా. లారీ గోస్పాడు కాడ ఉండాది, ఫోన్ కొడితే వచ్చాది."

"ఏందప్పా అంత తొందర? నాలుగు దినాలాగు. నీవే రేటు పెంచి అడుగుతావ్ సూడు."

వ్యాపారి నల్లమల వైపు ఒకసారి చూసి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చిలో అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. అమ్మ లేచి నిలబడింది. ఏలూరు దగ్గర తన చెల్లెలి చేలు ఇంకా కోయలేదనీ, తుపాను దారి మళ్లాలని అందరూ ప్రార్థించాలనీ కోరింది. మగవాళ్ల వైపు కూర్చున్న నాయన తల దించుకున్నాడు. బయటికొచ్చాక మాత్రం ఆగలేదు.

"దేవుణ్ని అంత గట్టిగా అడగాల్నా? మన వడ్ల గతేంది?"

"నోటికొచ్చినట్ల మాట్లాడతాండావ్," అంది అమ్మ, చెప్పులు వేసుకుంటూ.

మర్నాడు తుపాను దారి మళ్లింది. కిందికి, మా వైపుకు.

మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది. ఆకు కదలదు. కొండల మీద ఆకాశం కమిలిపోయి ఉంది. నాయన వ్యాపారికి ఫోన్ చేశాడు.

"ఇప్పుడు లారీ యాడ దొరుకుతాదన్నా? పాణ్యంలో అప్పుడే కురుస్తాండాది."

వడ్లు రాశి చేసి పట్టలు కప్పాం. విగ్రహాలు చెక్కే షెడ్ల దగ్గర పారేసిన రాతి ముక్కలు తెచ్చి వాటి మీద బరువు పెట్టాం. వాన మొదలయ్యాక ఆ రాళ్లు ఏ మూలకూ చాలలేదు. నీళ్లు పైనుంచి కాదు, రోడ్డు మీదుగా రాశి కిందికి వచ్చాయి. తెరిపి లేకుండా కురుస్తూనే ఉంది.

మూడో రోజు తెరిపిచ్చాక పట్ట లాగితే లోపలినుంచి ఆవిరి, పులిసిన వాసన. నాయన రాశిలోకి చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. ప్రతి గింజకూ తెల్లటి మొలక.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. అమ్మ చెల్లెలు. ఆయన చేతికి మట్టి అంటి ఉందని నేను స్పీకర్ పెట్టి పట్టుకున్నాను.

"బావగారూ, తుపాను మీ మీదికి తిరిగిందంట కదా. ధాన్యం ఇంటికి చేరిందా? మాకు తప్పిన కాడ్నించీ మేమంతా మీ కోసం మోకాళ్ల మీదే ఉన్నామండీ."

నాయన గుప్పిట విప్పలేదు.

"చేరినాయమ్మా," అన్నాడు. "అన్నీ ఇంటికి చేరినాయి."