బ్లగూనాకు తప్ప అందరికీ తెలుసు

ప్రిలెప్ ఊరి పొగాకు పొలాల్లో బ్లగూనా అంత వేగంగా ఆకు గుచ్చే మనిషి లేదు. చదువుంది, నోరుంది. అయినా నలభై ఒకటో ఏట ఆమె రొమ్ములో గడ్డ తీసినప్పుడు, అదేమిటో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. అక్కడి పద్ధతే అంత. రోగం పేరు రోగికి చెప్పరు. పెద్ద డాక్టరు ఆమె మొగుడు ట్రయాన్‌ను వరండాలోకి పిలిచాడు.

"గడ్డ వరకే తీశాం. కానీ అంచుల్లో ఇంకా రోగం కనిపిస్తోంది, మళ్లీ కొయ్యాలి. తర్వాత రాజధాని స్కోప్యేలో ఐదు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టించాలి. ఈ వయసులో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఆమెకు మాత్రం చెప్పకు, బెంగతోనే పోతుంది."

ట్రయాన్ చెప్పలేదు. కోతకో, కరెంటుకో తీసుకెళ్తే తెలిసిపోతుంది కదా, అందుకని రెండూ ఎగ్గొట్టాడు. రోగం తిరగబెట్టకుండా డాక్టరు రోజూ వేసుకోమని రాసిన మాత్రను ఎముకల బలానికని చెప్పి ఇచ్చాడు. దాంతో ఒళ్లంతా ఆవిర్లు కమ్ముతుంటే, ఎముకలు బాగానే ఉన్నాయి కదా అని ఆమె మూడు నెలలకే మానేసింది. ఆ మహానుభావుడు నోరు మెదపలేదు. దీన్ని ఊళ్లో ప్రేమ అంటారు. దీని అసలు పేరు అచ్చులో రాసేది కాదు.

రెండేళ్లకు పాత మచ్చ కిందే గడ్డ లేచింది. మొగుడితో ఆసుపత్రికి వెళ్తే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసింది.

"కరెంటుకు ఎందుకు వెళ్లలేదమ్మా?"

"ఏ కరెంటు?" అంది బ్లగూనా.

ట్రయాన్ నేల చూపులు చూశాడు. "నువ్వు భయపడతావని..."

"నేను భయపడతాననా, నేనేడిస్తే నువ్వు చూడలేవనా? ఇంకెవరికి తెలుసు?"

"మా అమ్మకి. మీ అక్కకి. పక్కింటోళ్లకి."

"నా రొమ్ము సంగతి పక్కింటోళ్లకి తెలుసు, నాకు తెలీదు. అయితే ఆ ఎముకల మాత్రా దీనికేనన్నమాట, నేనది మానేస్తుంటే చూస్తూ కూర్చున్నావు కదయ్యా."

"అవన్నీ చేయించుకుని ఉంటే మళ్లీ వచ్చేది కాదని ఒట్టేసి చెప్పలేను," అంది డాక్టరమ్మ. "ప్రమాదం మాత్రం బాగా తగ్గేది. ఇప్పుడు రొమ్ము మొత్తం తీసెయ్యాలి." అని, అలవాటు కొద్దీ తలుపు వైపు చూసింది. "ట్రయాన్ గారూ, ఒకసారి బయటికి వస్తారా?"

బ్లగూనా ఒళ్లు మండిపోయింది. లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"కోసేది నన్ను. చెప్పేదేదో నాకు చెప్పండి. వినలేకపోతే ఆయన్నే బయట కూర్చోమనండి."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. ఈసారి అంతా చెప్పింది. రోగం చంకలోకి పాకిందని కూడా చెప్పింది. బ్లగూనా కళ్లు తుడుచుకుని, ఒక్కొక్కటే మళ్లీ అడిగి, ఆ మాత్ర పేరు తన చేత్తోనే రాసుకుంది.