పెట్రోలు పొదుపు మనిషితో ఆదిలాబాదు దాకా

పొద్దున ఐదింటికే కరీంనగర్ వదలాల్సిన వాళ్ళం ఆరు దాటినా ఇంటి ముందే ఉన్నాం. మా ఆయన నాలుగు టైర్లలో గాలి చూశాడు, ప్లగ్గులు విప్పి తుడిచాడు, చివరికి నా అరిసెల డబ్బా ఎత్తి చూసి, "గింత బరువెందుకు? కారు పెట్రోలు ఎక్కువ తాగుతది" అన్నాడు.

"అయితే నన్నే దించి పోండ్రి" అన్నాను. డబ్బా ఎక్కింది.

ఆయన వకీలు. కారు ఎవరో వాడి వదిలేసిన పాతది. మేము పోయేది మా బిడ్డ సుగుణ కోసం. ఆదిలాబాదులో ఇచ్చాం; ఏడో నెల, కాన్పుకు తెచ్చుకోవాలి. పోయిన ఏడాది దానికి గర్భం నిలవలేదు. బస్సు కుదుపులకే అట్లా అయిందని దాని అత్తగారి నమ్మకం. "బస్సుల పంపియ్యం" అని కబురు చేసింది. నాకూ ఆ భయమే.

మా ఆయన ముప్పై మైళ్ళ వేగం దాటనివ్వడు. దూరాన ఎడ్లబండి కనబడగానే పెడలు మీది కాలు తీస్తాడు. దగ్గరికి చేరేసరికి కారు దానంతట అదే నెమ్మదిస్తుంది. "బ్రేకు తొక్కుడంటే కాలిన పెట్రోలును పారవోసుడే" అంటాడు. దిగుడు వస్తే ఇంజను ఆపేస్తాడు. కోరుట్ల దగ్గర సైకిలు మీది మనిషొకడు మమ్మల్ని దాటిపోతూ సలాం కూడా చేశాడు.

పదకొండింటికి ఆర్మూరులో పూరీ తిని చాయ్ తాగాం. సోన్ వంతెన మీద గోదావరికి దండం పెట్టి, బిడ్డను చల్లగా చూడమన్నాను. నిర్మల్ బంకులో ఆ రోజు పెట్రోలు లేదు. ఈ తోవన కారులో వచ్చేవాళ్ళు ఒక డబ్బా పెట్రోలు వెంట ఉంచుకుంటే మంచిది. ఘాటు రోడ్డులో నిటారుగా ఉన్నచోట నన్ను దింపి నడిపించాడు మహానుభావుడు. వెనక వచ్చిన బస్సులోంచి ఒకామె తల బయటపెట్టి, "ఏందమ్మా, కారుండి నడుస్తున్నవ్?" అంది. నవ్వక ఏం చేయను!

సాయంత్రం నాలుగింటికి ఆదిలాబాదు చేరాం. మరునాడు పొద్దున వియ్యపురాలు సుగుణకు ఒడి నింపి, "మా కోడలిని మీ చేతుల పెడుతున్నం" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి ఆమె చేతులు పట్టుకున్నాను.

తిరిగి ఘాటు దిగేటప్పుడు ఇంజను చప్పుడు ఆగలేదు. "దిగుడే గద, బంద్ చెయ్యరా?" అన్నాను.

"బంద్ చేస్తే ఒక్క బ్రేకు మీదనే ఆధారం. బిడ్డ ఉన్నది. కాలితే కాలనియ్యి" అన్నాడు.

మెట్‌పల్లి దాటాక సుగుణ మాట్లాడడం మానేసింది. అడిగితే నా చెవి దగ్గరికి వంగింది. "అవ్వా, ఘాటు దిగినప్పటి సంది లోపల కదులుతలేదు."

చెట్టు నీడన ఆపి నీళ్ళు తాగించాం, పడుకోబెట్టాం, కాసేపు చూశాం. లేదు. "కరీంనగర్ దవాఖానకే పోదాం" అన్నాడాయన.

"జర జల్ది పోనియ్యుండ్రి" అన్నాను.

సుగుణ వైపు చూపించి తల అడ్డంగా ఊపాడు. అదే ముప్పై మైళ్ళు. గుంత ఒక్కటి తగలనివ్వలేదు. పెట్రోలు మిగలాలని నేర్చుకున్న ఆ మెత్తని చేయి ఇప్పుడు బిడ్డ కోసం పనిచేస్తోంది. ఇన్నాళ్ళూ విసుక్కున్న ఆ తోలుడు మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. జగిత్యాల బంకు ముందు నుంచే పోయాం. ఆయన అటు చూడలేదు, నాకూ తోచలేదు.

పొద్దుగూకే వేళ, కొత్తపల్లి దాటగానే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన దిగి ట్యాంకులో పుల్ల పెట్టి చూశాడు. పుల్ల పొడిగా వచ్చింది. చుక్క చుక్కా చూసుకునే మనిషి పెట్రోలు పోయించడమే మరిచిపోయాడు. పుల్ల పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఇంజను చప్పుడు లేదు, కుదుపు లేదు. చేలమీద గాలి తప్ప ఏమీ వినబడడం లేదు. సుగుణ ఉన్నట్టుండి నా చేయి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది. లోపలినుంచి ఒక్క తన్ను, గట్టిగా.

"బాపూ! కదిలింది!"

ఆయన రోడ్డు పక్కనే కూలబడి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆయన ఏడుపు చూసింది అదే మొదలు.

వెనక ఎడ్లబండి మీద వచ్చిన రైతు, "ఏమైంది పటేలా?" అన్నాడు. పెట్రోలు అయిపోయిందన్నాం. "అయితే అయ్యె, ఫికర్ జెయ్యకుండ్రి, మా ఎడ్లున్నయి గద" అని మోకుతో కారును బండికి కట్టాడు.

ముందు దవాఖాన, ఆ తర్వాతే ఇల్లు అనుకున్నాం. ఇంతకంటే సుఖమైన ప్రయాణం నేను చేయలేదు. స్టీరింగు పట్టుకున్న మా ఆయన నాలుగడుగులకోసారి వెనక్కి తిరుగుతున్నాడు.

"ఇంకా కదులుతుందా బిడ్డా?"

"కదులుతుంది బాపూ. నువ్వు ముందుకు చూడు."